గ్లవ్స్ తొడిగితే చేతులకు, బటర్‌ఫ్రూట్ తింటే నోటికి

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు నుంచి మా అబ్బాయి తెచ్చిన బటర్‌ఫ్రూట్ కాయల్ని హార్స్లీ హిల్స్‌కు పట్టుకెళ్లాం. మూడు రోజులైనా రాళ్లలాగే ఉన్నాయి. ఇంటికొచ్చాక, నల్లబడితేనే పండినట్టని ఎవరో చెబితే ఎదురుచూశాం. ఆకుపచ్చగానే ఉండి లోపల కుళ్లాయి. బాగున్న ఒక్కటీ తింటే ఐదు నిమిషాల్లో నాలుక, పెదవులు ఒకటే దురద. తొక్క సరిగా తీయలేదేమో! మామిడి సొన లాంటిదా ఇది? 12 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివరి వాక్యం. గ్లవ్స్ తొడిగినప్పుడు చేతులు దురద పెడుతున్నాయా? బెలూన్ ఊదితే పెదవులు ఉబ్బుతున్నాయా? అరటిపండు, కివీ తిన్నా ఇలాగే అవుతోందా? వీటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా అనుమానించాల్సింది రబ్బరునే, తొక్కను కాదు.

బూజు నుంచి కాపాడుకోవడానికి చెట్లు కొన్ని ప్రొటీన్లు తయారుచేసుకుంటాయి. రబ్బరు పాలలో ఉండేవాటికీ, అవకాడో (అదే మీ బటర్‌ఫ్రూట్), అరటి, కివీలలో ఉండేవాటికీ పోలిక ఉంటుంది. ఏళ్ల తరబడి గ్లవ్స్ వాడి రబ్బరు పడకుండా పోయిన ఒంటికి, ఈ పండు ప్రొటీన్ కూడా పాత శత్రువులాగే కనిపిస్తుంది. పౌడర్ గ్లవ్స్ అయితే మరీ చేటు. ఆ పొడి రబ్బరు ప్రొటీన్‌ను గాల్లోకి లేపుతుంది. అమెరికా వాటిని 2017లో నిషేధించింది.

మామిడి సొన తీరు వేరు. దానివల్ల మూతి చుట్టూ పొక్కులు సాధారణంగా ఒకటి రెండు రోజులకు లేస్తాయి. మీకు నిమిషాల్లో వచ్చింది. పైగా అవకాడో మామిడి కుటుంబానిది కాదు, దాల్చినచెక్కకు చుట్టం.

అలర్జీ డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకునేదాకా ఆ పండు ముట్టొద్దు. ‘కొంచెం తిని చూద్దాం’ అనే పరీక్ష ఇంట్లో అసలే వద్దు. డ్యూటీలో నైట్రైల్ గ్లవ్స్ అడిగి తీసుకోండి. రబ్బరు పడదని తేలితే పన్ను పీకించుకునేటప్పుడైనా, ఆపరేషన్‌కైనా ఆ మాట ముందే కేస్‌షీట్‌లో రాయించండి. పొరపాటున తిన్నాక గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండకు వేసే అడ్రినలిన్. సెట్రిజిన్ మాత్ర కాదు.

ఇక మగ్గబెట్టడం సంగతి, ఇంట్లో మిగతావాళ్ల కోసం. నల్లబడేది హాస్ రకం. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ తోటలో మొలిచి, 1935లో పేటెంట్ పొందిన చెట్టు అది. కొడగు, కొడైకెనాల్ వైపు పండే చాలా రకాలు పండినా పచ్చగానే ఉంటాయి. రంగు చూడకండి, కాయను అరచేతిలో పట్టుకుని తొడిమ దగ్గర మెల్లగా నొక్కి చూడండి. కొద్దిగా లొంగితే ఆరోజే కోయండి. ఈ కాయ చెట్టుమీద పండదు, కోశాకే మగ్గుతుంది. నాలుగు వేల అడుగులకు పైనున్న హార్స్లీ హిల్స్ చలికి ఆ మగ్గడం ఇంకా నెమ్మదిస్తుంది, అంతే! బియ్యం డబ్బాలోనో, అరటిపండ్ల పక్కనో పెడితే సరి. తొక్క తినకపోయినా కడిగే కోయండి. పైనున్న క్రిములను కత్తే లోపలికి మోస్తుంది.

ప్రశ్న: కిడ్నీ జబ్బుంది. బటర్‌ఫ్రూట్ తినొచ్చా? (కుప్పం)

జవాబు: 100 గ్రాముల్లో పొటాషియం సుమారు 485 మిల్లీగ్రాములు, అరటిపండును మించి. రక్తపరీక్ష చూసిన మీ డాక్టరే చెప్పాలి. రక్తాన్ని పల్చబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లూ అడిగే తినాలి.

ప్రశ్న: బటర్‌ఫ్రూట్ తొక్కలు, టెంకలు కుడితి తొట్టిలో వేస్తున్నాం. మా పొట్టి ఆవుకు మంచిదేనా? (పుంగనూరు దగ్గరి పల్లె)

జవాబు: ఈరోజే ఆపండి. అవకాడో ఆకులు, తొక్క, టెంకలో పెర్సిన్ అనే పదార్థం ఉంటుంది. మనకు హాని చేయదు గానీ ఆవులు, మేకలు, గుర్రాలు, కుందేళ్లు, చిలకలకు విషం. పాడి పశువుల్లో పొదుగు వాచి పాలు తగ్గిపోతాయి. ఎక్కువ తింటే గుండె కండరం దెబ్బతింటుంది. పెరట్లో ఆ మొక్క నాటినా మేకలకు అందకుండా కంచె వేయండి. తొక్కలు గుంట తీసి పూడ్చేయండి. రేపు పాలు పిండేటప్పుడు పొదుగు గట్టిగా, వేడిగా తగిలితే పశువుల డాక్టర్‌ను పిలిపించి, ఏం పెట్టారో దాచకుండా చెప్పండి.