షిఫ్టు అయిపోయినంక మాట్లాడేదెవరితో?

సందేహం: ఆర్కే బొగ్గుబాయిల 36 ఏండ్లు పనిచేసి పోయినేడు రిటైరైన. క్వార్టర్ ఖాళీ చేసి నస్పూర్‌ల ఇల్లు కట్టుకున్నం. కొడుకు, కోడలు హైదరాబాద్‌ల ఉంటరు. పైసలకు ఇబ్బంది లేదు. పొద్దుగాల నాలుగింటికే మెలకువొస్తది, ఎటు పోవాల్నో తెల్వదు. ఎవరన్న పలకరించినా మాట్లాడబుద్ధి కాదు. మా ఇంటామె "ఇంకేం తక్కువైంది నీకు" అంటది. ఇది మనసు జబ్బేనా?
- విశ్రాంత కార్మికుడు, శ్రీరాంపూర్

సమాధానం: అన్నా, తక్కువైంది మీ జట్టు. భూగర్భంలో ఎవరూ ఒంటరిగా పనిచేయరు. సర్దార్ ముందుపోయి కప్పును రాడ్డుతో తట్టి, చప్పుడు విని, డొల్లగా లేదని తేల్చుకున్నాకే మిగతావాళ్లు ముందుకు కదులుతారు. ఒకరి చెవి మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడ్డ 36 ఏండ్ల బతుకు మీది. చివరి మస్టర్‌తో అది ఒక్కరోజులో ఆగిపోయింది. శాలువా కప్పారు, గ్రాట్యుటీ చేతికొచ్చింది. రేపు మీరు రాకపోతే "ఏడీ?" అని అడిగే మనిషి మాత్రం లేకుండా పోయాడు. మీ ఇంటామె ప్రశ్నకు ఇదే జవాబు. ఆమెకు చదివి వినిపించండి.

షిఫ్టు దిగాక ఒక్క క్యాప్ ల్యాంపు వెనక్కి రాకపోయినా, ఆ నంబరు ఎవరిదని ల్యాంప్ రూంలో ఆరా తీస్తారు కదా. బయట కూడా మనిషికి అట్లాంటి లెక్క ఒకటి ఉండాలి. దారిలో నమస్తే పెట్టేవాళ్లు వందమంది ఉన్నా దానికి సాటిరారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధపెడుతోంది. గుండెజబ్బు, పక్షవాతం ముప్పును కూడా అది పెంచుతుంది. కాబట్టి దీన్ని తీరిక ఎక్కువైనోళ్ల బాధ అని కొట్టిపారేయకండి.

పాత జట్టులో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయండి. "ఎప్పుడన్నా కలుద్దాం" అంటే ఎన్నటికీ కలవరు. పొద్దున ఆరింటికి ఫలానా చాయ్ హోటల్ అని ఖాయం చేసుకోండి. రానివాళ్ల ఇంటికి మిగిలినవాళ్లు పోవాలని కూడా అప్పుడే అనుకోండి. మీకు పోబుద్ధి కాదు, నాకు తెలుసు. అయినా పోండి. ఇట్లాంటి దశలో బుద్ధి పుట్టేదాకా ఆగితే అది పుట్టదు, నాలుగు రోజులు పోతుంటే వెనక నుంచి వస్తుంది.

ఇక జబ్బు సంగతి. నాలుగింటి మెలకువ మొదటి షిఫ్టు అలవాటు కావచ్చు. డిప్రెషన్‌లో కూడా అచ్చం ఇట్లాగే తెల్లారకముందే మెలకువొచ్చి మళ్లీ నిద్రపట్టదు. ఆకలి తగ్గడం, దేనిమీదా మనసు లేకపోవడం, నేనెందుకూ పనికిరాననిపించడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌కు చూపించాలి. మనుషులంటేనే విముఖత మొదలైందంటున్నారు కనుక మీరు ఈ వారమే దవాఖానకు పోవడం మంచిది. చాయ్ దోస్తుల్లో ఒకరిని తోలుకపోండి.

సందేహం: మా ఆయనది నైట్ షిఫ్టు. నాలుగు నెలల కింద ఆయన పక్కన పనిచేసే మనిషి ప్రమాదంల పోయిండు. అప్పటిసంది నిద్రల ఉలిక్కిపడి లేస్తడు, తాగుడు ఎక్కువైంది. అడిగితే "నీకేం తెలుసు" అంటడు. ఎట్ల మాట్లాడాలె?
- ఒక సోదరి, శ్రీరాంపూర్ కాలనీ

సమాధానం: చెల్లెమ్మా, 2021 నవంబరులో మీ ఎస్సార్పీ-3 గనిలో కప్పు కూలి నలుగురు పోయారు. ఇట్లాంటివి చూసిన కాలనీలో మీ ఆయన మౌనం ఎవరికీ వింతగా తోచదు. తోటి మనిషి పోయిన రోజు ఏం జరిగిందో చెప్పమని తవ్వకండి. ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లను వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ఉండేది. దానివల్ల మేలు లేదని తేలడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. "చెప్పినా నేనున్న, చెప్పకపోయినా ఉన్న" అని ఒక్కసారి అనండి, చాలు. రోజుకు ఒక్కపూట పిల్లలతో కలిసి తినేటట్టు చూడండి. ఆ షిఫ్టులో ఉన్న ఇంకో మనిషిని ఇంటికి పిలవండి. మీతో అనలేనిది ఆయనతో అనొచ్చు. వాని బదులు నేను పోవాల్సింది అనే మాట అట్లాంటి చోటే బయటికొస్తుంది. నాతో ఎందుకు చెప్పలేదని నొచ్చుకోకండి.

మొదటి నెలలో ఉలికిపాటు, పీడకలలు సహజం. నాలుగు నెలలైనా తగ్గలేదంటే అది వైద్యం కావాల్సిన స్థితి, వైద్యం ఉంది కూడా. తాగుడు తొలి నిద్రను తెచ్చి, తర్వాతి నిద్రను చెడగొడుతుంది. నిద్రలేని కళ్లతో గనిలోకి దిగడం ఆయనకూ, పక్కవాళ్లకూ ప్రమాదం. రోజూ బాగా తాగే మనిషి ఉన్నపళంగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. ఒట్టు వేయించుకుని మాన్పించకండి, డాక్టర్ సలహాతో మాన్పించండి.

సందేహం: పక్క క్వార్టర్ కోడలు పిల్ల బయటికే వస్తలేదు. మొన్న "బతికేం లాభం అత్తా" అన్నది. నేను చదువుకున్నదాన్ని కాను, ఏం చేయగలను?
- మహిళా సంఘం సభ్యురాలు

సమాధానం: అమ్మా, దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. జింబాబ్వేలో డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006లో కొందరు అవ్వలకు శిక్షణనిచ్చి, దవాఖానల ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ల గోస వినడం, ఒక్క సమస్యకు దారి వెతకడం వాళ్ల పని. వాళ్ల సాయంతో జనంలో దిగులు గణనీయంగా తగ్గిందని 2016లో వచ్చిన పరిశోధన చూపింది. మీ పక్క క్వార్టర్ పిల్ల అంతమాట చెప్పుకోవడానికి మిమ్మల్నే ఎంచుకుంది. ఇవాళే పోండి. "సచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, గుండె బరువు దిగుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగులమందు లాంటివి ఉంటే తీయించండి. పక్కనే కూర్చుని 14416కు ఫోన్ కలపండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. మంచిర్యాల ప్రభుత్వ దవాఖానకు పోవాల్సి వస్తే ఆమె వెంట మీరూ ఆటో ఎక్కండి.