పసిమనసుకు తోడుండే కొలువు

‘సైకాలజీ, సోషల్ వర్క్ చదివితే మన దగ్గర ఉద్యోగం ఏముంటుంది?’ తెనాలి, బాపట్ల, రేపల్లె డిగ్రీ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఉద్యోగం ఉంది. జీతం చూస్తే చిన్నది, పని చూస్తే చాలా పెద్దది. కన్నవారికి దూరమై ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చిన పిల్లల మనసును కనిపెట్టుకుని ఉండే పని అది.

బాల న్యాయ చట్టం-2015 ప్రకారం అలాంటి బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీ ఆ బిడ్డను బాలసదనానికి పంపొచ్చు. ఆరేళ్లు దాటితే ఫోస్టర్ కేర్ కింద మరో కుటుంబానికి అప్పగించొచ్చు. 2024లో కేంద్రం మార్గదర్శకాలను సవరించి ఒంటరిగా ఉంటున్నవారికీ పెంచే అవకాశం ఇచ్చింది. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు రూ.4,000 సాయం ఉంది. ఇల్లు దొరికింది, తిండి దొరికింది. మనసు సంగతి ఎవరు చూస్తారు?

కొత్త ఇంట్లో ఒక ఎనిమిదేళ్ల పిల్లాణ్ని ఊహించుకోండి. మూడు ఇడ్లీలు పెడితే రెండు తిని, ఒకటి జేబులో దాచుకుంటాడు. రాత్రి పక్క తడిపి, తెల్లారకముందే ఆ దుప్పటి ఉండచుట్టి మంచం కిందకు తోసేస్తాడు. బడిలో పేరు పెట్టి పిలిచినా పలకడు. ‘ఎంత చేసినా మావాడు కాలేదు’ అని పెంచుతున్నావిడ నొచ్చుకుంటుంది. ‘మొండిఘటం’ అంటారు మాస్టారు. నిజానికి వాడు రేపటి తిండికి భరోసా లేని రోజులు చూసి వచ్చాడు. ఆ మాట మొదటి వారంలోనే విడమరిచి చెప్పే మనిషి ఉంటే, ఆవిడ దుప్పటి ఉతికి ఆరేసి, పడుకునే ముందు వాడి పక్కన రెండు బిస్కెట్లు ఉంచి ఊరుకుంటుంది. చెప్పేవాళ్లు లేకపోతే కొన్నాళ్లకు ‘మావల్ల కాదు’ అని వెనక్కి పంపేస్తారు. రెండోసారి ఇల్లు మారిన బిడ్డ మళ్లీ ఎవరినైనా నమ్మడం చాలా కష్టం.

అందుకే ఇక్కడ ఆలస్యం పనికిరాదు. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 136 మంది శిశువులపై జరిగిన అధ్యయనంలో, రెండేళ్లలోపే అనాథాశ్రమం వదిలి కుటుంబంలో చేరినవారు ఆలస్యంగా చేరినవారి కన్నా బాగా కోలుకున్నారు. ఫోస్టర్ కేర్‌కు వచ్చిన బిడ్డను 72 గంటల్లో ఒకసారి, 30 రోజుల్లో సమగ్రంగా పరీక్షించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మన దగ్గరా 2016 నమూనా నిబంధనలు సంరక్షణ కేంద్రాల్లోని పిల్లల మానసిక ఆరోగ్యానికి ప్రణాళిక ఉండాలన్నాయి. దాన్ని తొలి నెలలోనే ఆచరణలో పెట్టే మనుషులు కావాలి.

జిల్లా బాలల సంరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య లెక్క ప్రకారం కౌన్సెలర్‌కు, సోషల్ వర్కర్‌కు నెలకు రూ.18,536, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు రూ.27,804 ఇస్తారు. ఇంటర్‌తో ఔట్‌రీచ్ వర్కర్‌గా చేరితే రూ.10,592. ఇవి ఒప్పంద ఉద్యోగాలు; ఆ సంగతి తెలిసే రండి. కౌన్సెలర్లకు ఇంతకన్నా ఎక్కువ ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. కాబట్టి రెండు జిల్లాల నోటిఫికేషన్లూ గమనించాలి.

చదువుకు దూరం వెళ్లక్కర్లేదు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. గుంటూరులోని కమ్యూనిటీ సైన్స్ కళాశాలలో పిల్లల ఎదుగుదల, కుటుంబ అధ్యయనాలు చదవొచ్చు. సైకాలజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. దూరవిద్యలో సైకాలజీ చేద్దామనుకునేవారు మాత్రం ఆగండి: 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ దాన్ని నిలిపేసింది. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపున్న కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బెంగళూరు నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్ చేసినవారికి మంచి పేరుంది.

పట్టా చేతికొచ్చినా కొన్ని విషయాలు విడిగా నేర్చుకోవాలి. ‘మీ అమ్మను తీసుకొస్తాను’ లాంటి నెరవేర్చలేని మాట ఇవ్వకూడదు. బిడ్డ నోరు విప్పేదాకా పక్కన కూర్చుని బొమ్మలు గీయించగలగాలి. బిడ్డతో దిగిన ఫొటో వాట్సప్ స్టేటస్‌లో పెట్టకూడదు. పిల్లల వివరాలు బయటపెడితే చట్టంలోని 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ చేయాలి. అంశం ఎంచుకునే ముందు ఒకసారి మీ జిల్లా బాలల సంరక్షణ అధికారిని కలవండి. ఈలోగా మీ వీధిలో ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే 1098కి, ఆ బిడ్డ మనసు కుంగిపోతోందనిపిస్తే టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. రెండూ ఉచితమే, రాత్రీపగలూ పలుకుతాయి.