వసారాలో పూలనారు పెంపకము

ఒక్క ఋతువులోనే మొలిచి, పూచి, విత్తు గట్టి యెండిపోవు మొక్కలను ఏకవార్షికములందురు. బంతి, జిన్నియా, కాస్మాస్, కోడిజుట్టు, గడ్డిగులాబి మొదలగునవి యీ తెగకు చెందినవి. మన చేలలో ఎవ్వరును చల్లకుండనే మొలచు గునుగుపువ్వు కూడ కోడిజుట్టునకు స్వజాతియే. దానిని కలుపు మొక్కయని పెరికివేయుదుము, దీనినేమో విత్తులు కొని తెచ్చి పెంచుదుము! ఏకవార్షికముల బ్రదుకు కొద్ది మాసములది. కావున బాల్యమున తగిలిన దెబ్బనుండి తేరుకొనుటకు వీనికి గడువు చాలదు.

కేతేపల్లి ప్రాంతమున నేల చాలవఱకు ఎఱ్ఱచెలక. మృగశిర కార్తెలో పడు పెద్ద చినుకులకు సన్నని విత్తులు కొన్ని కొట్టుకొనిపోవును, కొన్ని మట్టిక్రింద కూరుకొనిపోవును. తెఱపియిచ్చి ఎండ కాసినచో నేల పెచ్చు గట్టి మొలకను పైకి రానీయదు. చీమలును కోళ్ళును వీనికి తోడు. ఈ కారణములచేత పూలనారును తొలుత ఇంటి వసారాలోనో, కిటికీ యొద్దనో పెంచి, పిమ్మట తోటలో నాటుట మేలని నేను తరగతిలో బోధించితిని. బోధన సరియైనదే. ఆచరణమున నేను చేసిన తప్పు చెప్పుటకే యీ వ్యాసము.

జూన్ మాసమున ఎనిమిదవ తరగతి పిల్లలు డబ్బాలు తెచ్చిరి. బంతియు జిన్నియాయు చల్లితిమి. ప్రొద్దున నొకసారి, సాయంకాలము నొకసారి నీరు పోయవలెనని పట్టిక వ్రాసి గోడకు తగిలించితిని. పిల్లలు ఒక్క పూటయు తప్పలేదు. అయిదవ దినమున మొలకలు వచ్చెను. పదునొకండవ దినమున ఉదయము చూడగా నారంతయు మొదలు నల్లబడి, మెత్తబడి, నేలకు వాలి యుండెను. అందులో ఒక బాలిక తన బంతినారు బతుకమ్మ నాటికి పూయునని నాయనమ్మతో చెప్పియుండెను. ఆమె కన్నీళ్ళతో, “సార్, రోజు నీళ్లు పోసినం గద, మరెందుకు సచ్చిపోయినయి?” అని యడిగెను. అప్పుడు నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని.

మఱునాడు ఆ నాయనమ్మయే బడికి వచ్చెను. ఏటేట మిరపనారు పోసిన చేయి ఆమెది. డబ్బాను ఎత్తి, తలక్రిందులు చేసి, అడుగు తడిమి, “దీంట్లకెళ్లి నీళ్లు పొయ్యే తొవ్వ ఏది, సారూ?” అనెను. మా డబ్బాలలో ఒక్కదానికిని బెజ్జము లేదు. మిరపనారుమడిని నేలకంటె ఎత్తుగా కట్టి, చుట్టును కాలువ తీయుట నేను చిన్ననాటినుండి చూచుచునే యుంటిని. అది యెందులకో ఎన్నడును ఆలోచింపనైతిని.

ఈ వ్యాధికి నారుకుళ్ళు తెగులని పేరు. పితియం మొదలగు సూక్ష్మజీవులు మట్టిలో నుండి, తడి యెక్కువై గాలి తక్కువైనచోట వృద్ధిపొంది, లేత కాండమును నేల మట్టమున కుళ్ళింపజేయును. వేరునకు నీరెంత యవసరమో గాలియు నంత యవసరము. మట్టి రేణువుల నడుమ ఖాళీలన్నియు నీటితో నిండినచో వేరునకు ఊపిరి యాడదు.

మా వలెనే పట్టికను నమ్మినవారు మఱియొక చోటను గలరు. 2015వ సంవత్సరము నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందు ఒక చిన్న పెట్టెలో, దీపపు వెలుతురున జిన్నియా విత్తనములు మొలకెత్తించిరి. డిసెంబరులో తేమ మిక్కుటమై ఆకులనుండి నీరు కాఱెను, బూజు పట్టెను. పంకా వేగము పెంచిరి. అంతట మొక్కలు వాడసాగెను. పట్టిక ప్రకారము నీరిచ్చు దినము ఇంకను రాలేదు. అచట నున్న స్కాట్ కెల్లీ యను వ్యోమగామి, తోటమాలి పట్టికను గాక మొక్కను చూచి నీరు పోయవలెనని వాదించి, ఆ భారమును తానే వహించెను. కొన్ని మొక్కలు చచ్చెను. మిగిలినవి 2016 జనవరిలో పూచెను. అంతరిక్షమున పూచిన తొలి పువ్వు ఇదేయని పలువురు వ్రాసిరి గాని, అది సరికాదు. 1982లోనే సోవియట్ల సాల్యూట్-7 కేంద్రమున ఆవజాతికి చెందిన యొక చిన్న మొక్క పూచియుండెను.

రెండవసారి మేము చేసిన విధము చెప్పెదను. డబ్బాల అడుగున మేకుతో బెజ్జములు పొడిచితిమి. ఎఱ్ఱమట్టి, ఏటి యిసుక, బాగుగా మాగిన ఆకుయెరువు సమపాళ్ళలో కలిపి, పాత మట్టిని పాఱవైచితిమి. వేసవిలోనే మట్టిని తడిపి, పలుచని పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగైదు వారములు ఎండనిచ్చినచో తెగులు కారకములు చాలవఱకు నశించును; మాకు ఆ వ్యవధి లేకపోయెను. విత్తును దాని మందమునకు రెండు మూడింతల లోతున మాత్రమే కప్పవలెను. నీరు పైనుండి పోయక, డబ్బాను నీటి పళ్ళెములో నిలిపి, పైమట్టి చెమ్మగిలినంతనే తీసివేయవలెను. మరల నీరిచ్చుటకు ముందు వ్రేలితో మట్టిని తాకి చూడవలెను. గోడమీది పట్టికను చింపివైచితిని.

వెలుతురు సంగతి యొకటి మిగిలినది. కిటికీ యొద్దనున్న నారు వెలుగు వైపు వంగును. ఇట్లు మొలకలు వంగుటను చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి పరీక్షించి 1880లో గ్రంథము ప్రకటించెను. మొలక కొనను కప్పినచో క్రింది భాగము వంగలేదని ఆయన కనుగొనెను. మనకు కావలసినదింతే: డబ్బాను దినమున కొకసారి త్రిప్పవలెను, చాలినంత వెలుతురు లేనిచో నారు పొడుగై, పాలిపోయి, పనికిరాకుండును. నాలుగాకులు వచ్చిన పిమ్మట వారము దినములు కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేసి, సాయంకాలమున తోటలో నాటవలెను.

జూలై మొదటి వారమున చల్లిన యీ రెండవ నారులో 23 మొక్కలు దక్కినవి. జిన్నియాలు ముందు పూచెను. బంతులు ఆలసించినవి. ఎంగిలిపూల నాటికి ఒక్క మొగ్గయు విప్పలేదు. సద్దుల బతుకమ్మ నాటికి ఆ బాలిక చెట్లనుండి దోసెడు పూలు వచ్చెను. అవి తాంబాళములోని గునుగు, తంగేడు పూల నడుమ ఒక్క వరుసకైనను చాలలేదట. నాయనమ్మ వానిని పైవరుసలో పెట్టినదని బాలిక నాతో చెప్పెను.

అక్టోబరులో పిటూనియా, ఫ్లాక్సు విత్తులు చల్లుదుము. పిటూనియా విత్తు మిక్కిలి సన్నము. గ్రామునకు సుమారు 10,000 తూగును. దానికి మొలచుటకు వెలుతురు కావలెను గనుక మట్టి కప్పరాదు. పొడి యిసుకతో కలిపి పైననే చల్లవలెను. కావలసిన పిల్లలు డబ్బాలు తెచ్చుకొనవచ్చును. బెజ్జము లేని డబ్బాను వసారాలోనికి రానీయము.