సముద్రంలో చమురు చిమ్మితే బాకీదారు ఎవరు?

సముద్రంలో చమురు బావి అదుపు తప్పినప్పుడు తీరంలో బతుకుదెరువు కోల్పోయిన వ్యక్తికి పరిహారం అందడమనేది, ప్రమాదం తరవాత విచారణ ఎంత గట్టిగా జరిగిందన్న దాని కన్నా, ప్రమాదానికి ముందే చట్టం ఎవరిని బాకీదారుగా రాసి ఉంచిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అమెరికాలో 2010లో జరిగిన డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం ఇందుకు రెండు వైపులా సాక్ష్యమిస్తుంది: కంపెనీల విషయంలో ఆ బాకీదారు ముందే ఖరారై ఉన్నాడు, ప్రభుత్వం విషయంలో లేడు.

ఆ ఏడాది ఏప్రిల్ 20న, మెక్సికో సింధుశాఖలో లూసియానా తీరానికి సుమారు 66 కిలోమీటర్ల దూరాన, దాదాపు 1,500 మీటర్ల నీటి అడుగున ఉన్న మకోండో బావిలోంచి గ్యాసు ఎగదన్ని రిగ్గు మీద పేలింది. 1995లో పాశర్లపూడి బావి మంటలను చూసిన కోనసీమ ప్రజలకు ఇలా బావి ఎగదన్నే బ్లోఅవుట్ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. 11 మంది కార్మికులు మరణించారు, రెండు రోజులకు రిగ్గు మునిగిపోయింది, 87 రోజుల పాటు చమురు సముద్రంలోకి చిమ్మింది. ఆ చమురు 31.9 లక్షల బారెళ్లని కోర్టు తరవాత నిర్ధారించింది. బావిని నిర్వహించినది బీపీ, రిగ్గు యజమాని ట్రాన్స్‌ఓషన్, బావికి సిమెంటు పని చేసినది హాలిబర్టన్. ఒకే పనిని ఇలా పలు కాంట్రాక్టులుగా విడగొట్టడం చమురు పరిశ్రమలో మామూలే కనుక, మే నెలలో సెనేట్ కమిటీ ముందు హాజరైన మూడు కంపెనీల ప్రతినిధులూ తప్పును ఒకరి మీదికి ఒకరు నెట్టుకోవడంలో వింతేమీ లేదు.

ఆ వాదులాట తేలేదాకా మత్స్యకారుడు ఎదురుచూడవలసిన పని లేకుండా చేసినది 1990 నాటి చమురు కాలుష్య చట్టం. అలాస్కా తీరంలో 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాతిదిబ్బకు తగిలి చమురు ఒలికించిన దరిమిలా వచ్చిన ఈ చట్టం, సముద్ర బావి విషయంలో లీజు లేదా అనుమతి పొందినవారిని 'బాధ్యతా పక్షం'గా గుర్తిస్తుంది. అంటే నష్టపోయిన వ్యక్తి ఎవరి తప్పో నిరూపించనక్కరలేదు. చమురు ఒలికిందనీ, దానివల్ల తన రాబడి తగ్గిందనీ చూపితే చాలు. అంతకు ముందు సముద్ర న్యాయసూత్రాల ప్రకారం సొంత ఆస్తికి భౌతికంగా నష్టం జరగనిదే కేవలం ఆదాయ నష్టానికి పరిహారం దొరకడం కష్టంగా ఉండేది. ఆ అడ్డును ఈ చట్టం తొలగించింది. బాధ్యతా పక్షం 90 రోజుల్లో చెల్లించకపోతే బాధితుడు కోర్టుకు వెళ్లవచ్చు, లేదా బారెల్‌కు ఇంతని చమురు మీద వసూలు చేసిన పన్నుతో ఏర్పడిన ప్రత్యేక నిధిని ఆశ్రయించవచ్చు.

అయితే చమురు తొలగింపు ఖర్చులు కాక, ఇతర నష్టాలకు ఆ చట్టం అప్పట్లో 7.5 కోట్ల డాలర్ల పరిమితి విధించింది. ఘోర నిర్లక్ష్యం గాని, భద్రతా నిబంధనల ఉల్లంఘన గాని రుజువైతే ఆ పరిమితి వర్తించదు. బీపీ దానిని తానే వదులుకొని, 2,000 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటుకు ఒప్పుకుంది. ఆ నిధి నుంచి వ్యక్తులకు 5,000 డాలర్లు, వ్యాపారాలకు 25,000 డాలర్లు వెంటనే ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టారు గాని, దానిని తీసుకున్నవారు ఇకపై దావా వేయబోమని సంతకం చేయవలసి వచ్చింది. నష్టం ఎన్నేళ్లు సాగుతుందో తెలియని దశలో అవసరంలో ఉన్న మనిషి ముందు అటువంటి కాగితం పెట్టడం చట్టానికి లోబడినదే కావచ్చు, న్యాయం మాత్రం కాదు.

తప్పు ఎవరిదన్న ప్రశ్నకు న్యాయమూర్తి కార్ల్ బార్బియర్ 2014 సెప్టెంబరులో జవాబిచ్చారు: బీపీది 67 శాతం, ట్రాన్స్‌ఓషన్‌ది 30, హాలిబర్టన్‌ది 3, బీపీది ఘోర నిర్లక్ష్యం. అంతకు ముందే కార్మికుల మరణాలకు సంబంధించిన 11 నేరాభియోగాలను బీపీ ఒప్పుకుంది. ప్రభుత్వాలతో 2015లో కుదిరి మరుసటి ఏడాది కోర్టు ఆమోదం పొందిన రాజీ విలువ 2,080 కోట్ల డాలర్లు. ఇంత పెద్ద అంకెలు చూసి బాధితులకు అంతా ముట్టిందనుకోకూడదు. జరిమానా ప్రభుత్వానికి, పరిహారం వ్యక్తికి చేరతాయి, ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కాదు.

ప్రభుత్వ బాధ్యత దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. అనుమతులిచ్చిన మినరల్స్ మేనేజ్‌మెంట్ సర్వీస్ అనే విభాగమే లీజులిచ్చి రాయల్టీ వసూలు చేసేది, భద్రతను తనిఖీ చేసేదీ అదే. మకోండో బావికి వివరమైన పర్యావరణ ప్రభావ అధ్యయనం నుంచి అది మినహాయింపు ఇచ్చింది. ఉత్తర ధ్రువ ప్రాంత సముద్రాల్లో తప్ప కనిపించని వాల్రస్‌లను మెక్సికో సింధుశాఖలో కాపాడవలసిన జీవుల్లో చేర్చిన ప్రమాద స్పందన ప్రణాళికను కూడా ఆమోదించింది. రాసినవారు గాని, ఆమోదించినవారు గాని దానిని చదివి ఉంటారనుకోవడం కష్టం. అయినా, విచక్షణాధికారంతో తీసుకున్న నిర్ణయాలకు ప్రభుత్వంపై నష్టపరిహార దావా చెల్లదన్న మినహాయింపు అక్కడి చట్టంలో ఉంది కనుక, ఆ అలసత్వానికి వ్యక్తులు పరిహారం రాబట్టే మార్గం దాదాపు మూసుకుపోయింది. 2011 నాటికి ఆ విభాగాన్ని విడగొట్టి రాయల్టీని, లీజులను, భద్రతను వేర్వేరు సంస్థలకు అప్పగించడమే మిగిలిన దిద్దుబాటు.

భారతదేశంలో ఓడల నుంచి ఒలికే చమురుకు అంతర్జాతీయ ఒప్పందాల ఆధారంగా ఓడ యజమానిపై బాధ్యత మోపే ఏర్పాటు ఉన్నా, సముద్ర బావులకు అమెరికా చట్టానికి సాటివచ్చే ప్రత్యేక పరిహార చట్టం లేదు. సముద్ర బావుల భద్రతను చూసే చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, ఉత్పత్తిని పెంచవలసిన పెట్రోలియం శాఖ కిందే పనిచేస్తుంది. అమెరికా విడగొట్టుకున్నది సరిగ్గా ఇటువంటి ముడినే. పైగా 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం చమురు అన్వేషణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. మకోండో కూడా అన్వేషణ బావే.

అందువల్ల కృష్ణా గోదావరి బేసిన్ తీరంలో అటువంటి నష్టం జరిగితే బాధితుడికి ప్రధాన ఆధారం 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం. దాని 15వ సెక్షన్ పరిహారానికీ, పర్యావరణ పునరుద్ధరణకూ వీలు కల్పిస్తుంది. ప్రమాదాల విషయంలో ఎవరి తప్పన్నది నిరూపించకుండానే బాధ్యత మోపవచ్చని 17వ సెక్షన్ చెబుతుంది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారికి మినహాయింపులు లేని సంపూర్ణ బాధ్యత ఉంటుందని సుప్రీంకోర్టు ఢిల్లీ ఓలియం గ్యాసు కేసులో 1986లోనే ప్రకటించింది. ముంబయి తీరానికి దూరంగా 2011లో బొగ్గుతో, ఇంధన చమురుతో మునిగిన ఎంవీ రాక్ క్యారియర్ ఓడ కేసులో, ప్రాదేశిక జలాలకు అవతల జరిగిన నష్టమూ తన పరిధిలోదేనని తేల్చి, ఓడ పక్షంపై 100 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారాన్ని ట్రిబ్యునల్ 2016లో విధించింది.

పరిహారం కోరే హక్కు ఏర్పడిన నాటి నుంచి 5 ఏళ్లలోపు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు లభిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెన్నైలోని దక్షిణ ధర్మాసనం వర్తిస్తుంది. పారిశ్రామిక విపత్తు బాధితులకు 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది కనుక జిల్లా న్యాయసేవాధికార సంస్థను ముందుగా సంప్రదించడం మేలు. రుజువుగా పడవ రిజిస్ట్రేషన్, గతంలో చేపలమ్మిన చీటీలు, వేట నిలిపివేయమన్న అధికారిక ఉత్తర్వు, చెడిన వలల ఫొటోలు భద్రపరచాలి. తక్షణ సాయం పేరుతో వచ్చే ఏ కాగితంలోనైనా అది తుది చెల్లింపు అని రాసి ఉంటే న్యాయవాదికి చూపించకుండా సంతకం పెట్టకూడదు. పాక్షిక చెల్లింపుగా మాత్రమే స్వీకరిస్తున్నానని రసీదుపై రాయించుకుంటే మిగతా మొత్తానికి దరఖాస్తు చేసే దారి తెరిచే ఉంటుంది.