ఈ నెల ల్యాబ్ పాఠం: రోబో కంటికి కరెంటు



2024 ఫిబ్రవరి 17న మన తీరంలోని శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహం బంగాళాఖాతం మీది మబ్బులను రాత్రిపూట కూడా చూడగలదు. మబ్బుల నుంచి వెలువడే పరారుణ కిరణాలే దానికి ఆధారం. మీ పిల్లలు పోటీకి సిద్ధం చేసే లైన్ ఫాలోయర్ రోబో దారి చూసేదీ పరారుణ కిరణాలతోనే. అయితే ఇక్కడ కిరణాన్ని పంపేదీ, అందుకునేదీ సెన్సారే. తెల్ల నేల కిరణాన్ని తిప్పి పంపుతుంది, నల్ల గీత చాలావరకు పీల్చుకుంటుంది.

బల్ల మీద చక్కగా పనిచేసిన రోబో ట్రాక్ మీద తడబడితే, వెంటనే కొత్త సెన్సార్ కొనకండి. ముందు కరెంటు దారి చూడమనండి.

మూడు వైర్లు: వీసీసీ (5 వోల్టులు), గ్రౌండ్, అవుట్. ఒక్కో సెన్సార్‌కు సుమారు 20 మిల్లీయాంపియర్లు అనుకుంటే, ఐదింటికి 100 కావాలి. ఆర్డుయినో సిగ్నల్ పిన్ అంత ఇవ్వలేదు. వీసీసీని 5 వోల్టుల పిన్‌కే కలపాలి.

మోటార్లు వేరు: మోటారు కదిలే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు వోల్టేజీ పడిపోతే సెన్సార్ కాంతి తగ్గి, తెలుపును నలుపుగా చదువుతుంది. అందుకే మోటార్లకు బ్యాటరీ నుంచి డ్రైవర్ ద్వారా, సెన్సార్లకు రెగ్యులేటర్ ద్వారా కరెంటు ఇవ్వాలి. గ్రౌండ్ వైర్లన్నీ మాత్రం ఒకచోట కలవాలి. లేకపోతే సెన్సార్ చెప్పేది బోర్డుకు సరిగా అర్థం కాదు.

బ్యాటరీ: చిన్న 9 వోల్టుల బ్యాటరీ మోటార్ల బరువు మోయలేదు. రెండు లిథియం సెల్‌లు వరుసగా కలిపితే నిండా ఛార్జ్ అయినప్పుడు 8.4 వోల్టులు వస్తాయి. దాన్ని నేరుగా సెన్సార్‌కు ఇస్తే పాడవుతుంది. ఈ సెల్‌ల కొనలు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుట్టవచ్చు. వాటికి సరిపోయే ఛార్జర్‌తో, పెద్దల ఎదుటే ఛార్జ్ చేయాలి.

పోటీ రోజున: ఎండలోనూ పరారుణ కిరణాలుంటాయి. కిటికీ పక్క ట్రాక్ ఉంటే సెన్సార్ ప్రీసెట్‌ను అక్కడే మళ్లీ సరిచేయాలి. మన ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి కాబట్టి వాటినీ ఒకసారి చూడాలి.

ఇంట్లో చేయించండి: మల్టీమీటర్‌ను సెన్సార్ వీసీసీ, గ్రౌండ్‌ల మధ్య పెట్టి, మోటార్లు ఆగి ఉన్నప్పుడు ఒకసారి, కదిలేటప్పుడు ఒకసారి వోల్టేజీ రాయించండి. రెండు అంకెల మధ్య బాగా తేడా ఉంటే కారణం మీ పిల్లలనే చెప్పనివ్వండి. జవాబు మీరు అందించవద్దు. పోటీలో జడ్జి ప్రశ్న అడిగినప్పుడు పక్కన మీరు ఉండరు!