మందు మానాలనుకునే గల్ఫ్ తమ్ముడికి

1. ముందు డాక్టరు, తర్వాతే మందు మానేవాళ్ల మీటింగు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోదు. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేని మనుషులు కనబడి, తానెక్కడున్నాడో కూడా తెలియకపోవచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా వచ్చిపడ్డారో మన తెలంగాణ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందుకే క్యాంపు గదిలో దుప్పటి కప్పుకుని ఓర్చుకుందాం అనుకోకు. ఎంత తాగుతావో డాక్టరుకు దాచకుండా చెప్పు. ఫిట్స్ వస్తే యూఏఈలో రూమ్‌మేట్లు 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవాలి. ఆ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

2. "మీటింగుకు పోతే పోలీసులకు తెలుస్తుంది, వీసా పోతుంది." సోనాపూర్‌లో, జెబెల్ అలీలో, ముసఫ్ఫాలో మనవాళ్ల నోట నేను ఎక్కువగా విన్న మాట ఇదే. మానాలని మనసులో ఉన్నవాణ్ని కూడా ఈ భయం గడప దాటనివ్వదు. నిజం తెలుసుకో. 2020 నవంబరులో యూఏఈ మద్యం చట్టాలను సడలించింది. 21 ఏళ్లు నిండినవాడు అనుమతి ఉన్న చోట తాగితే, లైసెన్సు లేదన్న కారణంతో శిక్షించడం మానేశారు. షార్జాలో మాత్రం మద్యం నిషేధమే. తాగి బండి నడిపినా, వీధిలో గొడవ చేసినా ఎక్కడైనా నేరమే. 2021 కార్మిక చట్టం ప్రకారం డ్యూటీలో తాగి దొరికితే నోటీసు లేకుండానే ఉద్యోగంలోంచి తీసేయవచ్చు. అంటే ఉద్యోగానికి ముప్పు తాగుడు నుంచే ఉంది. మానడానికి నలుగురితో కూర్చుంటే వచ్చే ముప్పేమీ లేదు.

3. ఆ మీటింగు గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే అడుగు తేలిగ్గా పడుతుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే డాక్టరు, ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే, తమ గోడు ఒకరికొకరు చెప్పుకుంటూ మందుకు దూరమయ్యారు. అలా పుట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్, మనం ఏఏ అంటాం. నేటికీ పద్ధతి అదే. సుమారు గంటసేపు కూర్చుంటారు. ఒక్కొక్కరు తమ పేరు మాత్రం చెప్పి, తమ సంగతి చెబుతారు. ఇంటిపేరు, కంపెనీ, పాస్‌పోర్టు ఎవరూ అడగరు. ఫీజు లేదు. ఖర్చుల కోసం చందా అడుగుతారు, లేనివాడు వేయనక్కర్లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. మాట్లాడటం ఇష్టం లేకపోతే ఊరికే విను. చివర్లో ప్రార్థన ఉంటే ఇది మన మతం కాదని లేచి రాకు. ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకుంటారు, దేవుడు లేడనేవాళ్లూ వస్తారు.

4. దుబాయ్‌లో, అబుదాబిలో ఏఏ మీటింగులు ఉన్నాయి. చోటు, వేళ మారుతుంటాయి కాబట్టి ఏఏ వాళ్ల జాబితా ఆ వారమే చూసుకుని బయలుదేరు. 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా రావచ్చు, 'క్లోజ్డ్' అయితే మానాలనుకునేవాళ్లకే. ఇక ఇంగ్లీషు. ఎక్కువ మీటింగులు ఇంగ్లీషులోనే జరుగుతాయి, మేస్త్రీ పని చేసే నిజామాబాద్ తమ్ముడు అక్కడే వెనక్కి తగ్గుతాడు. వచ్చిన నాలుగు ముక్కల హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పు చాలు. మనసులో మాట పూర్తిగా చెప్పుకోవాలనిపిస్తే ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగులున్నాయి, సొంత భాషలో దొరికితే వదలకు. కానీ మనిషి ఎదురుగా కూర్చునే గదికి అది సాటి రాదని నా నమ్మకం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే భారత కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి, 800 46342కు ఫోన్ చెయ్యి. మాట సాయం చేసే కౌన్సెలింగు అక్కడ ఉంది.

5. గదిలో విన్నది గదిలోనే వదిలెయ్. దుబాయ్‌లో పొద్దున అన్న మాట సాయంత్రానికి జగిత్యాల వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. అందుకే ఈ ఒక్క నియమం విషయంలో నేను ఎవరినీ ఉపేక్షించను.

6. మొదటిసారి ఒంటరిగా పోవద్దు. సోనాపూర్ నుంచి బస్సు, ఆపైన మెట్రో. అంత దూరం ఒక్కడివే కూర్చుంటే దారిలోనే మనసు మారుతుంది. తాగని రూమ్‌మేట్‌నో, ఆ దారి తెలిసిన పెద్దమనిషినో వెంట తీసుకో. తోడు దొరకని మీటింగు ఎంత మంచిదైనా, తోడు దొరికిన మామూలు మీటింగుకే వెళ్లు. జీతం పడిన సాయంత్రం, సెలవు ముందు రాత్రి, ఈ రెండు వేళలకూ ఏదో ఒక ఏర్పాటు ముందే పెట్టుకో. తమ్ముడూ, మనవాళ్లు ఎక్కువగా జారేది అప్పుడే. జారితే సిగ్గుపడి ముఖం చాటేయకు, తర్వాతి మీటింగుకే రా.

7. ఊళ్లో ఉన్న నీ భార్యకూ చెప్పుకునే చోటు కావాలి. ఆమె తన దిగులు చెప్పుకోవడానికి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకరితో కలిసి మొదలుపెట్టిన అల్-అనాన్ తాగేవాళ్ల కుటుంబాల కోసమే ఉంది.

8. ఇక సెలవు మీద ఊరికి పోయే సంగతి. రెండేళ్లు మందు ముట్టనివాడు కూడా ఊళ్లో మొదటి దావత్‌లో పడిపోవడం చూశాను. టికెట్ తీసుకునే రోజే ఇంటికి దగ్గర్లో మీటింగు ఎక్కడుందో కనుక్కో, హైదరాబాద్‌లో ఉన్నాయి. డ్యూటీ ఫ్రీ నుంచి రెండు బాటిళ్లు పట్టుకురమ్మనే బావకు, దోస్తులకు విమానం ఎక్కకముందే ఫోన్ చేసి తేలేనని చెప్పు. వాళ్లకు ఖర్జూరం డబ్బాలు కొను.