వినికిడి లోపమున్న పిల్లలకు తరగతి గది ఎలా ఉండాలి?

చెవిటివాడని మనం అనుకునే పిల్లవాడికి చాలాసార్లు కొంత వినిపిస్తూనే ఉంటుంది. వినిపించినదాన్ని మాటగా విడదీసుకోవడమే కష్టం. మా సాయంత్రం ట్యూషన్‌లో ఒక బాబు రెండేళ్లు వెనక బెంచీలోనే కూర్చున్నాడు. పరధ్యానమని మేమే మందలించాం. ఆ తప్పు మాది.

దూరం రెట్టింపైతే టీచరు నుంచి నేరుగా చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. సిమెంటు గోడలకు, టైల్స్‌కు తగిలి తిరిగొచ్చే ధ్వని ఒక అక్షరం మీద ఇంకో అక్షరాన్ని కప్పేస్తుంది. వినికిడి యంత్రం గొంతుతో పాటు ఫ్యాను చప్పుడునూ పెంచుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం మామూలు తరగతి గది ఖాళీగా ఉన్నప్పుడు బయటి శబ్దం, లోపలి శబ్దం విడివిడిగా 35 డెసిబెల్స్, ప్రతిధ్వని నిలిచే కాలం 0.6 సెకన్లు దాటకూడదు. మన రేకుల షెడ్డు మీద వాన మొదలైతే ఈ లెక్క నిలవదు. కాబట్టి రేకు కింద సీలింగు ముందు వేయించాలి, రంగుల సంగతి తరువాత.

1895లో హార్వర్డ్‌లో పాఠం సరిగా వినిపించని హాలును బాగుచేయమంటే వాలెస్ సబైన్ మరో హాలు సీట్ల దిళ్లు మోయించి తెచ్చి, మెత్తటి వస్తువు ధ్వనిని ఎంత మింగుతుందో రాత్రుళ్లు కొలిచాడు. మనకు దిళ్లు అక్కర్లేదు. కోనసీమలో కొబ్బరి పీచుకు కొదవా? పీచు చాపను గోడకు అంటించకుండా, వెనక రెండంగుళాల ఖాళీ వదిలి చెక్క ఫ్రేముకు బిగిస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. చెమ్మ గోడకు వద్దు, బూజు పడుతుంది. పీచు అంటుకుంటుంది కనుక స్విచ్ బోర్డుకు దూరంగా ఉంచాలి.

ఇక చూపు సంగతి. పాట, బాట, మాట అని అద్దం ముందు గొంతు లేకుండా పలికి చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి! సందర్భం, ముఖకవళికలు చూసే పిల్లవాడు తేడా పోల్చుకోవాలి. టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నల్లగా కనబడుతుంది. బోర్డు వైపు తిరిగి చెబితే అదీ కనబడదు. బెంచీలు నెలవంకలా వేస్తే సంజ్ఞ భాష వాడే పిల్లలకూ తోటివారి చేతులు కనబడతాయి.

వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ, గుర్తింపు పొందిన పాఠశాలలు ఇలాంటి పిల్లలను చేర్చుకుని తగిన వసతులు కల్పించాలి. అనుమానం ఉన్న తల్లిదండ్రులు ముందు మండల భవిత కేంద్రాన్ని అడగవచ్చు.

ఆ బాబును ఇప్పుడు ముందు వరుసలో, బాగా వినిపించే కుడి చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టాం. ఒక గదికి చాపలు వేయించాం. రెండో గదికి ఇంకా వేయించాలి.